కారు 80 దాటితే స్టీరింగ్ వణుకు, గుంతల్లో టకటక: ముందు ఏది చూపించాలి?

మీ కారుకు బరంపురం హైవే మీద గంటకు 80 కి.మీ. దాటితే స్టీరింగ్ వణుకు, పర్లాకిమిడి లోపలి రోడ్లలో టకటక అంటున్నారు. ఇవి రెండు వేర్వేరు రోగాలు కావచ్చు. ఒక వేగం దగ్గరే మొదలయ్యే వణుకు ఎక్కువగా వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండటం) తప్పడం వల్లే. రిమ్ లోపలి వైపు బురద ఎండి పట్టేసినా చాలు, ముందు అది గీకి కడిగించండి. అలైన్‌మెంట్‌కు (చక్రాల కోణాలు సరిచేయడానికి) డబ్బులు పోయకండి, అది బండి పక్కకు లాగినప్పటి మాట. బ్రేక్ నొక్కితేనే వణికితే డిస్క్ చూడాలి.

టకటకకు మొదట చవకైన లింక్ రాడ్లు (సస్పెన్షన్‌లోని చిన్న కడ్డీలు), తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌లోని రబ్బరు తొడుగులు) చూపించండి. జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి చక్రాన్ని ఒకసారి రెండు పక్కలా, ఒకసారి పైనా కిందా పట్టుకుని ఊపండి. పక్కలు పట్టి ఊపినప్పుడే ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) అరిగినట్టు. పైనా కిందా పట్టి ఊపినప్పుడు ఆడితే బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండ్రటి కీలు) లేదా చక్రం బేరింగ్ అరిగినట్టు. ఏది ఆడినా, మార్చకుండా రాయగడ ఘాట్ ఎక్కకండి.