యంత్రం కొనే ముందు ఇంటి ఖర్చుల నిధిని పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఒక ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ సంస్థలో సూపర్‌వైజర్‌ను. నెలకు రూ.38,000 చేతికి వస్తుంది. భార్య గృహిణి, బాబు రెండో తరగతి. ఊళ్లో ఉన్న నాన్నగారి షుగర్ మందుల ఖర్చు కూడా నాదే. అద్దె, బడి ఫీజు, మందులు అన్నీ కలిపి నెలకు రూ.32,000 అవుతోంది. వచ్చే నెల ఉద్యోగం మానేసి ప్రెషర్ వాషింగ్ (ఎక్కువ పీడనంతో నీళ్లు కొట్టి నేలలు, గోడలు కడిగే) వ్యాపారం మొదలుపెట్టాలనుకుంటున్నాను. త్రీఫేజ్ యంత్రం రూ.1,40,000, పెట్రోల్ ఇంజిన్ యంత్రం రూ.85,000, పైపులు, గన్నులు, నేల కడిగే అటాచ్‌మెంట్ రూ.45,000, వ్యాక్యూమ్ క్లీనర్ రూ.30,000, రసాయనాలు రూ.60,000, పాత ట్రాలీ ఆటో రూ.2,30,000, వెబ్‌సైట్, ప్రకటనలకు రూ.90,000, మొత్తం రూ.6,80,000 కావాలి. నా దగ్గర ఉన్న ఎఫ్‌డీ రూ.2,60,000. మా ఆవిడ బంగారం మీద రూ.1,80,000, లోన్ యాప్‌లో 26 శాతం వడ్డీకి రూ.1,50,000, ప్రకటనల కోసం క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద రూ.90,000 తీసుకుంటాను. అప్పులకు నెలకు రూ.20,000 దాకా కట్టాలి. రోజుకు రూ.3,000 పని ఒకటి దొరికినా నెలకు రూ.75,000 వస్తుంది. ఇంకా తక్కువ వడ్డీకి అప్పు ఎక్కడ దొరుకుతుంది? యంత్రాల దుకాణానికి రూ.10,000 అడ్వాన్సు ఇచ్చాను, నెలాఖరు దాటితే తగ్గింపు పోతుందన్నారు.

జవాబు: మీరు అడిగింది వడ్డీ గురించే అయినా, మీ ప్రణాళికలోని లోపం వడ్డీలో లేదు. ఉద్యోగం వదిలే రోజున మీ చేతిలో ఒక్క రూపాయి కూడా మిగలని విధంగా దీన్ని వేసుకున్నారు. సొంత వ్యాపారం మొదలుపెట్టే ఎంతోమంది చేసే పొరపాటే ఇది కాబట్టి, మీ ఉత్తరానికి కాస్త వివరంగా సమాధానం ఇస్తున్నాను.

ముందుగా మీ అంచనానే తీసుకుందాం. నెలకు 25 పనులు, ఒక్కొక్కదానికి రూ.3,000 చొప్పున రూ.75,000 వస్తుందన్నారు. ఇంధనానికి, రసాయనాలకు పనికి రూ.600 చొప్పున రూ.15,000, సహాయకుడి జీతానికి మరో రూ.15,000 పోగా మిగిలేది రూ.45,000. అందులోంచి అప్పులకు రూ.20,000 కట్టాక ఇంటికి చేరేది రూ.25,000. అంటే అన్నీ మీరు ఆశించినట్లు జరిగినా మీ ఇంటి ఖర్చుకు ప్రతి నెలా రూ.7,000 తక్కువ పడుతుంది. కొత్తగా మొదలుపెట్టిన వారికి మొదటి నెలల్లో 25 పనులు దొరకడం కష్టం. పది పనులే దొరికితే ఇదే లెక్కలో నెలకు రూ.43,000 లోటు వస్తుంది. ఆ లోటును పూడ్చడానికి మీ దగ్గర ఎఫ్‌డీ ఉండదు, బంగారం ఉండదు, కార్డులో పరిమితి మిగలదు. అప్పుడు రెండో లోన్ యాప్ తెరుస్తారు. మంచి పనివాళ్లు అప్పుల్లో కూరుకుపోయేది ఇలాగే.

అందుకే మొదటి నిర్ణయం యంత్రం గురించి కాదు, ఎఫ్‌డీ గురించి తీసుకోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు అంటే రూ.1,92,000. అది ఇప్పటికే మీ దగ్గర ఉంది. మీ వయసులో, మీ జీతంతో ఇంత పోగుచేయడం చిన్న విషయం కాదు. ఆ మొత్తాన్ని విడిగా ఒక ఎఫ్‌డీగా మార్చి, వీలైతే మీ శ్రీమతి పేరు కూడా జతచేసి, వ్యాపార ఖాతా ఉన్న బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో ఉంచండి. యంత్రం చెడినా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బిల్లు ఆపినా, ఆటో ఆగిపోయినా ఆ డబ్బును తాకకూడదు. అది అద్దెకు, బడి ఫీజుకు, నాన్నగారి మందులకు మాత్రమే. ఇది పోను మిగిలిన రూ.68,000 మీ వ్యాపార పెట్టుబడి. అప్పు లేకుండా మొదలుపెట్టడానికి అది చాలు, ఒక్క షరతు మీద: ఉద్యోగం మానకూడదు.

సెలవు రోజుల్లో, వారాంతాల్లో పని చేసేవారికి సింగిల్ ఫేజ్ యంత్రం సరిపోతుంది. ఇండక్షన్ మోటారు ఉన్నదే తీసుకోండి. ఇళ్లలో అప్పుడప్పుడూ వాడుకునే కార్బన్ బ్రష్ మోటారు యంత్రాలు గంటల తరబడి నడపడానికి తయారైనవి కావు. అమ్మేవాళ్లు బార్ (నీటి పీడనం కొలత) ఎంత అన్నదే చెబుతారు గానీ, పని ఎంత త్వరగా ముగుస్తుందో నిర్ణయించడంలో నిమిషానికి ఎన్ని లీటర్ల నీరు వస్తుందన్నది కూడా అంతే ముఖ్యం. యంత్రానికి రూ.30,000, పైపు, నాజిళ్లు, నీరు లోపలికి వెళ్లేచోట పెట్టే ఫిల్టరు వగైరాలకు రూ.8,000, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, గమ్‌బూట్లు, కళ్లద్దాలు, చేతి తొడుగులకు రూ.5,000, రసాయనాలకు రూ.4,000, కార్డులకు, కరపత్రాలకు రూ.3,000 కేటాయించుకుంటే రూ.50,000తో మొదటి పనికి వెళ్లవచ్చు. మిగిలిన రూ.18,000 వ్యాపారానికి సొంత అత్యవసర నిధి. ఇసుక కలిసిన బోరు నీటి వల్లనో, నీరు అందకుండా పంపు నడిచినందువల్లనో సీళ్లు పోతే బాగు చేయించేది ఈ డబ్బుతోనే. ఇంటి నిధితో కాదు. తడి నేల మీద కరెంటు యంత్రంతో పని చేస్తారు కాబట్టి, పై వస్తువుల్లో ఏది తగ్గించుకున్నా ఆర్‌సీసీబీని మాత్రం తగ్గించుకోవద్దు.

మీరు రాసిన త్రీఫేజ్ యంత్రానికి ప్రతి ఇంటి దగ్గరా తగిన సాకెట్ ఉండదు. పెట్రోల్ ఇంజిన్‌ను సెల్లార్ పార్కింగులో నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండి ప్రాణాలకే ప్రమాదం. మీకు ఎక్కువగా వచ్చే పని సెల్లార్లు, మెట్లు, డాబాలు కడగడమే అయినప్పుడు, వీటి మీద ఇప్పుడే రూ.2,25,000 పెట్టవలసిన అవసరం లేదు. ఆటోను పని ఉన్న రోజున అద్దెకు తీసుకోండి.

రసాయనాల విషయంలో మీరు వేసిన రూ.60,000 నన్ను ఎక్కువగా ఆందోళన పెట్టింది. డ్రమ్ముల్లో కొంటే లీటరు చౌకగా పడుతుందన్న మాట నిజమే, కానీ పాచిని చంపడానికి వాడే సోడియం హైపోక్లోరైట్ నిల్వలో, ముఖ్యంగా మన ఎండల్లో, తన బలాన్ని కోల్పోతూ ఉంటుంది. ఐదు లీటర్ల క్యాన్లలో అవసరం మేరకే కొనండి. దాన్ని సిమెంటు మరకలకు వాడే యాసిడ్‌తో ఏ పరిస్థితిలోనూ కలపకండి, ఒకటి వాడిన చోట పూర్తిగా కడగకుండా రెండోది పోయకండి. వెలువడేది క్లోరిన్ వాయువు. యాసిడ్ పడితే పాలరాయి మెరుపు పోతుంది, అల్యూమినియం కిటికీల మీద మచ్చలు మిగులుతాయి. ఇవన్నీ ఆర్థిక సలహాలో ఎందుకంటే, ఒక్క ఇంటి పాలరాయి పాడైనా, లిఫ్టు గుంతలోకో కరెంటు ప్యానెల్‌లోకో నీళ్లు వెళ్లినా, పరిహారం మీ జేబులోంచే వెళ్తుంది. చేతిలో నిధి లేనివాడు ఆ రోజున ఏ వడ్డీకైనా తలూపుతాడు. సోలార్ ప్యానెళ్లు కడగమని అడిగేవారు కూడా ఉంటారు. వాటిని ఎక్కువ పీడనంతో కొట్టకూడదు. లవణాలు తక్కువగా ఉన్న నీటితో, మెత్తని బ్రష్‌తో, ఎండ ఎక్కకముందే చేయాలి. అలా చేయడం నేర్చుకునే వరకు ఆ పని ఒప్పుకోవద్దు.

పనులు పెరిగేకొద్దీ మూడో వ్యక్తికి జరిగే నష్టానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకోండి. పని ఇచ్చినవారికి, వారి ఆస్తికి జరిగే నష్టం దాని పరిధిలో ఎంతవరకు ఉందో రాతపూర్వకంగా అడగండి. మీకు, మీ సహాయకుడికి ఏటా రూ.20 ప్రీమియంతో రూ.2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనను ఈ వారంలోనే బ్యాంకులో చేర్పించండి. అది చాలదు, కానీ అది కూడా లేకపోవడం తప్పు. తాళ్ల మీద వేలాడుతూ గోడలు కడిగే పనులు మీరు ఒప్పుకోవద్దు. ఇక మీరు అసలు ప్రస్తావించని విషయం ఒకటుంది. ఉద్యోగం మానితే సంస్థ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా కూడా సాధారణంగా ఆగిపోతుంది. రాజీనామాకు ముందే కుటుంబానికి సొంత పాలసీ ఉండాలి. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలును కూడా అడగండి, ఎందుకంటే కొత్తగా తీసుకునే పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. తగినంత టర్మ్ పాలసీ కూడా తీసుకోండి.

ప్రకటనలకు రూ.90,000 అప్పు చేయడం నేను ఏ రూపంలోనూ సమర్థించలేను. యంత్రమైతే రేపు సగం ధరకైనా అమ్ముడుపోతుంది, ప్రకటన ముగిసిన మర్నాడు మిగిలేది ఈఎంఐ ఒక్కటే. గూగుల్‌లో వ్యాపార వివరాలు నమోదు చేసుకోవడానికి రుసుము లేదు. ప్రతి పనికీ ముందు, తర్వాత ఒకే చోట నిలబడి ఫొటోలు తీసి, యజమాని అనుమతితో పెట్టండి. రంగులు వేసే కాంట్రాక్టర్లను, వాటర్‌ప్రూఫింగ్ చేసేవారిని కలవండి. గోడ మీద పాచి, ఊడిన సున్నం పోతేనే వాళ్ల పని నిలుస్తుంది కాబట్టి వాళ్లకు మీ అవసరం ఉంటుంది. దసరా, సంక్రాంతి ముందు, వానలు వెలిసిన తర్వాత, గృహప్రవేశాల సమయంలో పని ఎక్కువగా ఉంటుంది. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లు నేల కడిగించవు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి వాహనాలు కడగడం వంటి వాటికి తాగునీటిని వాడితే రూ.5,000 జరిమానా అని ప్రకటించిన సంగతి గుర్తుంచుకోండి. నీటి మీద ఆధారపడిన వ్యాపారానికి పని లేని నెలలు తప్పవు. ఆ నెలల్లో ఇల్లు నడిచేది నిధితోనే. అసోసియేషన్లు కమిటీ ఆమోదం పేరుతో నెల దాటించి చెల్లించడం మామూలే, కాబట్టి సగం సొమ్ము ముందే తీసుకోండి. ఇప్పుడు మీరు పనిచేస్తున్న సంస్థకు పని ఇచ్చేవారిని మాత్రం మీ వ్యాపారానికి పని అడగకండి. మీ నియామక పత్రంలో పక్క వ్యాపారం గురించి ఏముందో కూడా ఒకసారి చదవండి.

వారాంతాల్లో నెలకు ఆరు పనులు చేశారనుకుందాం. ఇంధనం, రసాయనాలకు రూ.600, రోజు కూలికి రూ.800 పోగా పనికి రూ.1,600 చొప్పున రూ.9,600 మిగులుతుంది. జీతంలో మిగిలే రూ.6,000 కలిపితే నెలకు రూ.15,600. ఆ మొత్తాన్ని ఇంటి నిధికే చేర్చండి. జీతం లేని మనిషికి ఆరు నెలల నిధి చాలదు, తొమ్మిది నెలలది, అంటే రూ.2,88,000 కావాలి. ఆ తేడా రూ.96,000 ఆరేడు నెలల్లో పూడుతుంది. అది పూడి, సొంత ఆరోగ్య పాలసీ చేతికి వచ్చి, వారాంతాల్లో తీర్చలేనన్ని పనులు వరుసగా మూడు నెలలు వచ్చినప్పుడు రాజీనామా గురించి ఆలోచించండి.

అప్పటికి పెద్ద యంత్రం నిజంగా అవసరమైతే, రూ.50,000 పైబడి రూ.5 లక్షల వరకు హామీ లేకుండా ఇచ్చే ముద్ర కిశోర్ రుణానికి మీ బ్యాంకును అడగండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, దళారికి డబ్బు ఇవ్వవద్దు. పీఎంఈజీపీ (సొంత ఉపాధికి రాయితీతో రుణం ఇప్పించే కేంద్ర పథకం) కింద మొదటి రుణానికి ఇచ్చే రాయితీ కొత్త యూనిట్లకే కాబట్టి, దాని మీద ఆశ ఉంటే వ్యాపారాన్ని నమోదు చేసుకునే ముందే బ్యాంకులో విచారించండి. ఏడాది వ్యాపారం రూ.20 లక్షలు దాటే వరకు సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. లోన్ యాప్ మాత్రం వద్దు, ఇప్పుడూ వద్దు, అప్పుడూ వద్దు. మీరు రాసిన 26 శాతం వడ్డీని ఈ వ్యాపారం మొదటి ఏడాది మోయలేదు. మీ శ్రీమతి బంగారం ఇంట్లో ఆసుపత్రి అవసరం వచ్చినప్పుడు చివరిగా ఆదుకోవలసిన ఆస్తి. పంపు కోసం దాన్ని తాకట్టు పెట్టి, కట్టలేక వేలానికి వదులుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

యంత్రాల దుకాణానికి రూ.10,000 అడ్వాన్సు ఇచ్చానని, నెలాఖరు దాటితే తగ్గింపు పోతుందన్నారని చివర్లో రాశారు. ఆ గడువు కోసం తొందరపడవద్దు. అడ్వాన్సు వెనక్కి అడగండి, ఇవ్వనంటే సింగిల్ ఫేజ్ యంత్రం ధరలో సర్దుబాటు చేయించుకోండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ రూ.10,000 పోయినా సరే, రూ.4,20,000 అప్పు పత్రాల మీద సంతకం చేయకండి. యాప్‌లో దరఖాస్తు ఇప్పటికే పంపి ఉంటే, సొమ్ము ఖాతాలో పడేలోగా ఈరోజే రద్దు చేయండి.