బావి నీటి మట్టం చెప్పే మోడల్ చేస్తున్నావట

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంటెక్ ప్రాజెక్టుకు మన నల్లగొండ పల్లెల్లో బావుల నీటి మట్టాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌తో, అంటే పాత కొలతలు చూసి తనే నేర్చుకునే ప్రోగ్రామ్‌తో, ముందే చెప్పిస్తావట, తర్వాత అది రైతుల ఫోన్లలోకి పోయేలా చేస్తావట. గర్వంతో గొంతు పెగల్లేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలై తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు. డేటాలో ఖాళీలు ఎక్కడున్నాయో రాసిపెట్టుకో. మొదట మామూలు రిగ్రెషన్, అంటే పాత అంకెలకు ఒక గీత అమర్చే లెక్క, చేసి చూడు, దాని మీద గెలవని నెట్‌వర్క్ మనకెందుకు? టెస్ట్ కోసం నెలలను కలిపేసి ఏరకు, చివరి ఏళ్లను పూర్తిగా పక్కన దాచు. ఏప్రిల్, జూన్ మట్టాలు చూసిన నెట్‌వర్క్‌కు మే మట్టం చెప్పడం ఏం కష్టం? ఇవన్నీ మీ సార్లు చెప్పే ఉంటారు. మీ సార్లు చెప్పలేనిది, మీ నాయన చెప్పనిది ఒకటుంది.

నేను బావుల మట్టాలు కొలిచే ఉద్యోగంలో ఉన్న రోజులవి. స్టీలు టేపు కొసకు సుద్ద పూసి బావిలోకి దించేవాళ్లం. పైకి లాగితే తడిసినంత మేర సుద్ద నల్లబడేది. ఆ గీత దగ్గర వేలు పెట్టి అంకె చదివి రిజిస్టర్‌లో ఎక్కించడమే పని. తప్పును వెనక్కి పంపుతూ నెట్‌వర్క్‌కు నేర్పే పద్ధతి 1986లోనే పేరు తెచ్చుకుంది, నా చేతికి వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. రాత్రుళ్లు కూర్చొని సి భాషలో చిన్నది రాశాను. మధ్య పొరలో ఆరు నోడ్లు (చిన్న చిన్న లెక్కలు చేసే ముడులు), 11 ఏళ్ల కొలతలు, నెలకొకటి. దాచిపెట్టిన ఏడాదికి అది చెప్పిన మట్టం, నా టేపు చెప్పిన మట్టం దాదాపు ఒకటే. నేలమీద నిలవలేకపోయాను.

2002 ఎండాకాలంలో మీ నాయన అడిగాడు, "బావా, బత్తాయి ఇంకో రెండెకరాలు పెట్టొచ్చా?" మన బావి లోతు 16 మీటర్లు. నా నెట్‌వర్క్ లెక్క చూసి, ఎంత చెడ్డ ఏడాదైనా నీళ్లు 13.8 దాటి కిందికి పోవు, ధైర్యంగా పెట్టమన్నాను. ఆయన మారుమాట లేకుండా నమ్మాడు.

ఆ జులైలో దేశం మొత్తం మీద వాన సగమే పడింది. సంక్రాంతి దాటేసరికి బావి అడుగున బురద కనబడింది. అప్పు చేసి మూడు బోర్లు వేయించాడు, రెండిట్లో దుమ్మే లేచింది. ట్యాంకర్లతో కొన్నాళ్లు కాపాడాడు. ఆకులు లోపలికి ముడుచుకొని, గోలీలంత కాయలు చెట్టు కిందే రాలి ఎండిపోయాయి. ఉన్న చెట్లూ పెట్టిన చెట్లూ కొట్టించేసిన రోజు నువ్వు మీ అమ్మ చంకలో ఉన్నావు. నన్ను ఒక్క మాట అనలేదు మనిషి. అంటే బాగుండేది.

తర్వాత ప్రోగ్రామ్ విప్పి చూసుకున్నాను. జవాబిచ్చే చివరి నోడ్‌కు సిగ్మాయిడ్ అనే సూత్రం పెట్టాను, అది సున్నాకూ ఒకటికీ మధ్యనే జవాబిస్తుంది. నా రిజిస్టర్లో అన్నిటికన్నా లోతైన కొలత 13.8, దాన్నే ఒకటి అని పెట్టుకున్నాను. ఇక బావి ఎండినా ఆ నెట్‌వర్క్ 13.8 దాటి చెప్పే దారే లేదు. నేను కట్టిన గోడకే నేను ధైర్యం అని పేరు పెట్టి మీ నాయనకు ఇచ్చాను.

ఇప్పుడు చివరి నోడ్‌కు సిగ్మాయిడ్ తీసేస్తే చాలనుకోకు. అప్పుడు ఏ అంకైనా వస్తుంది, కానీ చూడని కరువు గురించి దానికి తెలిసేదేముంది? గ్రాఫ్‌కాస్ట్ అనే పెద్ద నెట్‌వర్క్ వాతావరణం చెప్పడానికి 39 ఏళ్ల ప్రపంచ వాతావరణ రికార్డు చదివింది. ప్రొటీన్ల ఆకారం చెప్పే ఆల్ఫాఫోల్డ్ నెట్‌వర్క్ ముందు ప్రయోగశాలల్లో తేల్చిన ప్రొటీన్ ఆకారాలు లక్షకు పైగా ఉన్నాయి. నా బావికి ఉన్నవి 132 కొలతలు. అందుకే ఒక్క అంకె పంపకు బిడ్డా. ఇంతనుంచి ఇంతదాకా అని పంపు. వాన ముఖం చాటేస్తే ఈ లెక్క నిలవదని అదే తెరమీద, అదే సైజు అక్షరాల్లో రాయి.

ఫ్లోరైడ్ కూడా చేర్చాలనుకుంటున్నావట. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దు. 1.8 ఉన్న నీళ్లను 1.3 అని చెప్పడమూ, 1.3 ఉన్నవాటిని 1.8 అనడమూ నీ ఎర్రర్ లెక్కలో సమానమే. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములు చూసినవాణ్ణి, నాకు సమానం కావు. తక్కువ చెప్పి తప్పితే ఎక్కువ శిక్ష పడేలా లెక్క రాయి. దీనిమీద కోప్పడుతున్నాననుకో, ఫర్వాలేదు.

తిండి మానేసి కంప్యూటర్ ముందు కూర్చుంటున్నావని మీ అమ్మ బాధ. వేళకు తిను. సెలవులకు వచ్చేయ్, స్టీలు టేపు నా ట్రంకుపెట్టెలోనే ఉంది. నువ్వు డేటా తీసుకుంటున్న బావులు పదైనా నీ చేత్తో కొలువు. మొదట మన పాత బావి దగ్గరికే పోదాం, మీ నాయనను కూడా తీసుకొని. 13.8 సంగతి ఆయనకు ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను. నువ్వు పక్కనుంటే చెప్తాను.

మీ మామ