అట్ట మీద ఎవరున్నారో రాసే ముందు

చెల్లెమ్మకి,

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫ్యాషన్ పత్రికల అట్టల మీద మోడళ్ల చోటు సినిమా తారలు లాక్కున్నారన్న నీ కోపం నాకు నచ్చింది. అయితే వ్యాసం మొత్తంలో ఒక్క సంచిక పేరు లేదు, ఏ నెలదో లేదు. చదివేవాడు నీ మాట ఎందుకు నమ్మాలి?

ఒక ఆదివారం రైలెక్కి బెజవాడ రా. లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో అడిగి, ఒకే పత్రికవి కనీసం పన్నెండు సంచికలు ఏరుకో. వరస తప్పినా ఫర్వాలేదు, పత్రిక మాత్రం మారకూడదు. నోటుబుక్కులో గడులు గీసుకో: ఏ నెల, అట్ట మీద ఎవరు, ఆమె పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేశారు, వేసుకున్న బట్టలు ఏ కంపెనీవి, ఆ కంపెనీ ప్రకటనల్లోనూ ఆమే ఉందా, ఆ రోజుల్లో ఆమె సినిమా ఏదైనా వచ్చిందా. బట్టల వివరం అట్ట మీద ఉండదు. లోపల విషయసూచిక దగ్గర చిన్న అక్షరాల్లో ఫొటోగ్రాఫరు, స్టైలిస్టు, మేకప్ పేర్ల పక్కన ఉంటుంది. చాలామంది తిప్పేసే పేజీ అది, నీకు మాత్రం అక్కడే సగం వ్యాసం దొరుకుతుంది. ఇంకోటి, సెప్టెంబరు సంచిక చాలాసార్లు ఆగస్టులోనే స్టాల్లోకి వచ్చేస్తుంది. సినిమా విడుదల తేదీలు సరిచూసేటప్పుడు ఇది మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది.

మోడల్‌కీ తారకీ తేడా అందంలో లేదు, ఒప్పందంలో ఉంది. మోడల్ కూలికి వస్తుంది, స్టైలిస్టు ఇచ్చింది వేసుకుంటుంది. డిజైనర్లు పంపే శాంపిల్ బట్టలు మోడళ్ల కొలతలకే కుడతారు. తార మామూలుగా డబ్బు కోసం రాదు, సినిమా ప్రచారం కోసం వస్తుంది. ఫొటో ఎవరు తీయాలి, ఏం అడగకూడదు అనే మాటలు ఆమె మనుషులతో ముందే తేల్చుకోవాలి. శాంపిల్ పట్టకపోతే వీపు వైపు విప్పదీసి వదిలేస్తారు, వదులైతే క్లిప్పులు బిగిస్తారు. అట్ట మీద మనకు కనిపించేది ముందు వైపే కదా.

ముందు మోడళ్లు, తర్వాత తారలు అని నువ్వు చరిత్రని తిన్నని గీతలా గీశావు. అది అలా నడవలేదు. 1988 నవంబరులో వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక అమెరికా సంచికకి ఎడిటర్‌గా ఆనా వింటూర్ తెచ్చిన మొదటి అట్ట మీద ఉన్నది మోడలే, మిఖేలా బెర్కూ. డిజైనర్ క్రిస్టియన్ లాక్రువా జాకెట్టుకి జతగా రావాల్సిన స్కర్టు ఆమెకి పట్టకపోతే, మామూలు జీన్సు వేసి వీధిలో ఫొటో తీశారు. ఏదో పొరపాటు జరిగిందేమోనని అచ్చువేసే ప్రెస్సువాళ్లు అడిగారు. 1989 మేలో అదే పత్రిక అట్ట మీదకి పాప్ గాయని మడోనా వచ్చింది. సరే, తారల కాలం మొదలైందనుకుందామా? 1990 జనవరిలో బ్రిటిష్ వోగ్ అట్ట మీద నవోమీ కాంప్‌బెల్, సిండీ క్రాఫర్డ్ సహా అయిదుగురు మోడళ్లు నిలబడ్డారు, వాళ్లే తారలైపోయారు. 1998 డిసెంబరులో అమెరికా వోగ్ అట్ట అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య హిల్లరీ క్లింటన్‌ది. 2004 సెప్టెంబరులో మళ్లీ తొమ్మిదిమంది మోడళ్లు.

మన దేశం సంగతి వేరుగా రాయి. వోగ్ ఇండియా 2007లో మొదలైనప్పుడే ప్రియాంకా చోప్రా, బిపాసా బసు పక్కన ఆస్ట్రేలియా మోడల్ జెమ్మా వార్డ్‌ని నిలబెట్టింది. 2019 అక్టోబరులో నయనతార, దుల్కర్ సల్మాన్‌లతో పాటు మన మహేశ్‌బాబు కూడా అట్టకెక్కాడు. ఆడవాళ్ల పత్రిక మీద మగ హీరో ఎందుకున్నాడన్నది నీ వ్యాసంలో ఓ పేరాకి సరిపోయే ప్రశ్న.

నేను నిన్ను పట్టుకోమనేది ఒక్కటే: పత్రికని అమ్ముతున్నది ఎవరి పేరు? మన పత్రికల అట్టల మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఎవరని ఎవరూ అడగలేదు, ఆయన గీత చూసి కొన్నారు. మోడల్ అట్ట కూడా అలాంటిదే. ముఖం తెలియకపోయినా పత్రిక ఎంపిక మీద నమ్మకంతో కొంటారు. తార ఉన్నప్పుడు నమ్మకం ఆమె మీదకి మారుతుంది. బెజవాడ రైల్వే స్టేషన్ స్టాలు ముందు రైలు కూత వినిపిస్తుండగా పత్రిక ఎంచుకునే మనిషికి, తెలిసిన ముఖం చప్పున కళ్లబడుతుంది. అందుకే ఎడిటర్లు దాన్ని వదులుకోలేరు. నాకైతే మోడల్ అట్టలే ఇష్టం, వాటిలో బట్ట సరిగ్గా కనిపిస్తుంది. నీకూ అదే ఇష్టమైతే ధైర్యంగా రాయి, కానీ పట్టిక చూపించాక రాయి.

2017 మేలో వోగ్ ఇండియా పదేళ్ల సంచిక అట్ట మీద అమెరికా అమ్మాయి కెండల్ జెన్నర్ ఉంది. భారతీయ పత్రిక పండగకి భారతీయురాలు దొరకలేదా అని గొడవైంది. ఆమె మోడలూ అవును, టీవీ వల్ల తారా అవును. ఆమెని ఏ గడిలో వేస్తావో, ఎందుకు వేశావో ఆ పక్కనే రాసిపెట్టుకో. అలాంటివి ఇంకో మూడు నాలుగు తగిలితే వాటికి వేరే గడి గీసి, పట్టికతో పాటు నాకు పంపు.

మీ అక్క,
విజయవాడ