పసిపిల్లలతో ప్యూబ్లో ఊళ్లకు

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం. వేసవి సెలవుల్లో పిల్లలకి పురాతన ప్యూబ్లో కట్టడాలు (అమెరికా నైరుతిలోని ఆదివాసులు కట్టుకున్న పాత ఇళ్లు) చూపించాలని ఉంది. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. కొలరాడోలోని మెసా వెర్డే జాతీయ పార్కులో నిచ్చెనలు ఎక్కాలంటున్నారు, అదే టెన్షన్. మొండిగోడలు చూసి విసుక్కుంటారేమోనని ఇంకో బెంగ. ఎక్కడికి వెళ్తే మంచిది?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు న్యూమెక్సికోలోని బ్యాండెలియర్‌కి వెళ్లండి. మా పిల్లలు "ఇంకాసేపు ఉందాం" అని మారాం చేసిన చోటు అది. అక్కడి కొండ అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడింది. ప్యూబ్లో జనం ఆ మెత్తటి రాతిలో గదులు తొలుచుకుని, వాటి ముందు ఇళ్లు కట్టుకున్నారు. పొట్టి నిచ్చెనలెక్కి కొన్ని గదుల్లోకి వెళ్లొచ్చు. లోపలికి వెళ్లగానే పిల్లల్ని పైకి చూడమనండి. కప్పంతా మసిబారి నల్లగా ఉంటుంది. రాయి పొడిపొడిగా రాలకుండా గట్టిపడాలని కావాలనే పొగబెట్టారట అని చెబితే మా చిన్నది అక్కణ్నుంచి కదిలితే ఒట్టు! దారి మొత్తం చుట్టి రావడం మైలున్నర లోపే. అక్కడే 140 అడుగుల ఎత్తున కొండగూట్లో ఉన్న ఆల్కోవ్ హౌస్‌ మాత్రం పాపతో వద్దు.

మెసా వెర్డేలో కొండచరియలో కట్టిన బాల్కనీ హౌస్‌కి 32 అడుగుల నిచ్చెన ఎక్కాలి, 18 అంగుళాల వెడల్పున్న సొరంగంలో పాకాలి. పాప కొంచెం పెద్దయ్యాక చూద్దురుగాని. అక్కడే ఉన్న దాదాపు 150 గదుల క్లిఫ్ ప్యాలెస్‌ని ఎదుటి గట్టు మీద నుంచి చూసినా కళ్లు చాలవు. దగ్గరికి వెళ్లాలంటే రేంజర్ (పార్కు ఉద్యోగి) వెంట వెళ్లాలి, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఏడు వేల అడుగుల పైన ఎత్తు కాబట్టి నీళ్లు దండిగా పట్టుకెళ్లండి.

ఒక్క మాట మరీ మరీ చెబుతున్నాను. "ఆ జనం మాయమైపోయారు" అని మాత్రం పిల్లలకి చెప్పకండి. 13వ శతాబ్దం చివర్లో పెద్ద కరువొచ్చింది. అలాంటి కష్టాలతో మెసా వెర్డే వదిలి దక్షిణానికి తరలిపోయారు. వాళ్ల వారసులు హోపీ, జూనీ, ఆకోమా ప్రజలుగా ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకవి తాతముత్తాతల ఇళ్లు. అందుకే గోడలెక్కకూడదనీ, కుండపెంకు దొరికినా జేబులో వేసుకోకూడదనీ కారు దిగకముందే చెప్పండి. చట్టం కూడా ఒప్పుకోదు. మా పెద్దాడికి "ఇది వేరేవాళ్ల తాతగారిల్లు" అంటే చాలు, ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు.

వీలైతే న్యూమెక్సికోలోనే ఉన్న మరో ప్యూబ్లో కట్టడం అజ్‌టెక్ రూయిన్స్‌కీ వెళ్లండి. అక్కడ గదిలోంచి గదిలోకి నడవొచ్చు. గుమ్మాలు ఎంత పొట్టివంటే మీరు నడుం వంచాలి, మీ పాప నిటారుగా వెళ్లిపోతుంది.