సీట్ల లెక్కలో ఉన్నాం, ఓటర్ల లెక్కలో లేం

"మా టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీ జనాభా 2020లోనే 10 లక్షలు దాటింది కదా, మరి ఓటు వయసు పౌరుల సంఖ్య అంత తక్కువేమిటి?" అని ఒకరు నన్ను అడిగారు. పిల్లల్నీ, పౌరసత్వం లేని పెద్దల్నీ తీసేస్తే మిగిలేది అది. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఏ తెలుగు ఇంటి తలుపు తట్టినా కారణం కనిపిస్తుంది.

ఒక ఉగాది వేడుకలో ఓటరు నమోదు ఫారాలు పెట్టుకుని కూర్చున్నాను. ఒక జంట కొడుకుతో వచ్చారు. "మా ఇద్దరికీ గ్రీన్ కార్డే రాలేదక్కా, వీడి ఒక్కడి పేరు రాయండి" అంది ఆవిడ. సొంత ఇల్లు, ఏటా ప్రాపర్టీ ట్యాక్స్, పిల్లాడి చదువంతా ఇక్కడే. ఉద్యోగాల మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితి వల్ల మనవాళ్ళ లైను కదలదు. అబ్బాయి ఇక్కడే పుట్టాడు. టెక్సాస్‌లో 17 ఏళ్ళ 10 నెలలకే నమోదు చేసుకోవచ్చు. వాడు సంతకం పెడుతుంటే తండ్రి పక్కనే నిలబడి, "స్కూల్ బోర్డు ఎన్నిక ఎప్పుడో ఇప్పుడే కనుక్కో" అన్నాడు. ఆ ఇంటి మొత్తానికి ఆ పిల్లాడిదొక్కటే ఓటు.

అదే ఫ్రిస్కోలో డెంటన్ కౌంటీ వైపు ఉండేవాళ్ళ ఫారాలు నేను తీసుకోకూడదు, నాకు అనుమతి ఇచ్చింది కాలిన్ కౌంటీ కాబట్టి. ఊరొకటే అయినా వెనక్కి పంపాల్సి వచ్చింది. ఇది మార్చాల్సిన నిబంధన.

ఇంకో సంగతి. 2020 జనగణనలో పౌరసత్వం గురించి అడగలేదు. ఓటు వయసు పౌరుల అంకెలు జనగణన శాఖ కొంతమందినే అడిగి చేసే ఐదేళ్ళ సర్వే నుంచి వేసిన అంచనాలు. మా కౌంటీకి నమ్మొచ్చు. టెక్సాస్‌లోనే 2020లో 64 మందే ఉన్న లవింగ్ కౌంటీకి నమ్మలేం. నియోజకవర్గాలను మొత్తం జనాభాను బట్టి గీయొచ్చని 2016లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ తల్లిదండ్రులు సీట్ల లెక్కలో ఉన్నారు, ఓటు మాత్రం లేదు.

నా బాధ వాళ్ళ గురించి కాదు. పౌరసత్వం చేతిలో ఉండి కూడా మే నెల సిటీ, స్కూల్ బోర్డు ఎన్నికలకు కదలనివాళ్ళ గురించి. తెలుగు సంఘం ఎన్నికలంటే రాత్రింబవళ్ళు ఫోన్లు చేస్తారు. పిల్లల బడిని నడిపేవాళ్ళను ఎన్నుకునే రోజున ఖాళీ ఉండదు. కొన్ని వందల మంది వెళ్ళినా ఫలితం మారుతుంది. ఎన్నికకు 30 రోజుల ముందే పేరు నమోదై ఉండాలి, ఈ వారమే ఫారం నింపండి.