ఒక్క తూటా రైఫిల్ కొనేముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

సింగిల్ షాట్ రైఫిళ్లు సేకరించాలనుంది, మొదట ఏది కొనమంటారు అని అడిగావు. అది చెప్పేముందు వాటిని ఎలా చూడాలో చెబుతాను. ఈ వ్యవహారంలో డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువమంది మోడల్ ఎంపికలో దెబ్బతినరు. మంచి మోడల్‌నే కొంటారు. కానీ దాన్ని అంతకుముందే ఎవరో అరగదీసి, మెరుగుపెట్టి, కొత్త పెళ్లికూతురిలా ముస్తాబు చేసి ఉంటారు. అది గమనించకుండా అసలు సరుకు ధర పెట్టేస్తారు.

ఒక్క తూటా పట్టే తుపాకీలో ఏముంది అని నిన్ను చాలామంది అడుగుతారు. 1866 నాటికే వించెస్టర్ వాళ్ల రిపీటర్, అంటే ఒకేసారి చాలా తూటాలు నింపుకుని వరసగా కాల్చే తుపాకీ, బజారులో ఉంది. అయినా ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, దూరం కొట్టాలంటే సింగిల్ షాటే కావాలనేవారు. ఆనాటి రిపీటర్ల యంత్రాంగంలో పొడవాటి, బలమైన తూటాలు పట్టేవి కావు. సింగిల్ షాట్‌లో తూటాను చేత్తో నేరుగా ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక కొసన అది కూర్చునే గదిలో, పెడతాం కాబట్టి ఆ ఇబ్బందే లేదు. 1874 సెప్టెంబర్‌లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐర్లండ్, అమెరికా జట్లకు పోటీ జరిగింది. దూరాలు 800, 900, 1000 గజాలు. ఐరిష్ జట్టు గొట్టం మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లతో వచ్చింది. అమెరికన్లు వెనకనుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు పట్టుకున్నారు. 934కి 931 పాయింట్లతో అమెరికా గెలిచింది. ఐరిష్ షూటర్ ఒకతను గురి తప్పకుండా కొట్టాడు గానీ, పక్కవాళ్ల టార్గెట్‌ను కొట్టాడు! ఆ ఒక్క గుండు సరైన చోట తగిలి ఉంటే ఫలితం తారుమారయ్యేది.

ఇక యంత్రాంగం సంగతి. నా ఇష్టమంతా ఇక్కడే ఉంది. పేలుడు ఒత్తిడికి వెనక్కి తన్నే తూటాను ఏది ఆపి ఉంచుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు పంతొమ్మిదో శతాబ్దంలో ఒక్కొక్కరు ఒక్కో జవాబు కనిపెట్టారు. రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్ తీసుకో. హామర్ (తూటాను పేల్చే సుత్తి) వెనక్కి లాగి, బొటనవేలితో బ్రీచ్ బ్లాక్‌ను, అంటే ఛాంబర్‌ను వెనకనుంచి మూసే ఇనుప దిమ్మను, వెనక్కి దొర్లిస్తే ఛాంబర్ కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు హామర్ ముందుకు పడుతూ, దాని అడుగుభాగం బ్లాక్ కిందకి దూరి గట్టిగా అడ్డుపడుతుంది. అంటే తూటాను పేల్చేదీ, తలుపు గడియ వేసేదీ ఒకటే ముక్క. ఇంత తక్కువ భాగాలతో ఇంత గట్టి పని చేసిన తుపాకీ అరుదు. అందుకే డెన్మార్క్, స్వీడన్, స్పెయిన్, ఈజిప్టు సైన్యాలు దీన్ని తీసుకున్నాయి.

అమెరికన్ తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ జవాబు వేరు. 1879లో తన సింగిల్ షాట్‌కు పేటెంట్ వచ్చేనాటికి అతని వయసు 24. లివర్ కిందకి నొక్కితే బ్రీచ్ బ్లాక్ నిలువుగా కిందకి జారుతుంది, హామర్ కూడా దానితోపాటే దిగుతుంది. లివర్ పైకి తెస్తే రెండూ కలిసి పైకొస్తాయి. చేతిలోకి తీసుకుని నెమ్మదిగా లివర్ కదిపి చూడు. మంచి స్థితిలో ఉన్నదైతే ఎక్కడా గరగర ఉండదు, మూసినప్పుడు బ్లాక్ పక్కలకు ఊగదు. 1883లో వించెస్టర్ ఆ హక్కులు కొని, మోడల్ 1885 పేరుతో తయారు చేసింది. బలమైన తూటాలకు రిసీవర్ (యంత్రాంగం ఇమిడి ఉండే ఇనుప పెట్టె) గోడలు ఎత్తుగా ఉన్నది హై వాల్, చిన్న తూటాలకు లో వాల్.

బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న మార్టినీ హెన్రీకి బయట హామరే ఉండదు. లివర్ దించితే బ్లాక్ ముందు కొస కిందకి వాలుతుంది, కొట్టే సూది లోపలే ఉంటుంది. కాక్ అయిందో లేదో, అంటే పేలడానికి సిద్ధంగా ఉందో లేదో, కుడిపక్కనున్న చిన్న సూచిక చూసి తెలుసుకోవాలి. ఈ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని చూసే అవకాశం వస్తే వదులుకోకు. చూసేముందు యజమాని అనుమతి అడుగు, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో నువ్వే చూసుకో. ఖాళీ తుపాకీ కదా అని ట్రిగ్గర్ నొక్కొద్దు, పాత స్ప్రింగులూ సూదులూ విరుగుతాయి.

ముస్తాబు చేసినదాన్ని పట్టుకోవడం ఎలాగంటావా? మొదట స్క్రూల తలలు చూడు. గాట్లు చెదిరి ఉంటే ఎవరో చేతకానివాడు విప్పాడన్నమాట. తర్వాత, చెక్క లోహాన్ని కలిసే చోట వేలితో తడిమి చూడు. ఫ్యాక్టరీలో చెక్కను లోహం కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా వదిలేవారు. చెక్క లోతుగా తగిలితే దాన్ని ఇసుక కాగితంతో రుద్దారు. స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పళ్లెంలా లోపలికి దిగి ఉందా, అక్షరాల అంచులు మెత్తబడ్డాయా? అది మెరుగుపెట్టే చక్రం పని. ఇనుముకు పట్టించే నీలిరంగు పూత కింద తుప్పు గుంటలు కనిపిస్తే ఆ రంగు తర్వాత వేసిందే. ఎందుకంటే గుంటలు పడ్డ ఇనుముకు ఫ్యాక్టరీలో రంగు వేయరు కదా. నా మాట విను, రంగు సగం పోయి, చెక్క మీద వందేళ్ల చేతి మరకలున్న తుపాకీ, తళతళలాడే రిపేరు సరుకు కన్నా ఎప్పుడూ మేలు. కొన్నాక నువ్వు కూడా దాన్ని మెరిపించాలని చూడొద్దు. మనం తుడిచేసింది మళ్లీ ఎవరూ తేలేరు.

బ్యారెల్ లోపల వెలుగు వేసి గాడులు చూడు. మూతి దగ్గర సన్నని గీత గుండ్రంగా కనిపిస్తే లోపల కొత్త గొట్టం తొడిగారని అర్థం. అది కాల్చడానికి మంచిదే కావచ్చు, కానీ ధరలో తేడా ఉండాలి. బ్యారెల్ మీద రాసిన తూటా పేరును నమ్మొద్దు. 1930ల్లో ఎన్నో హై వాల్‌లనూ లో వాల్‌లనూ .22 హార్నెట్ లాంటి కొత్త తూటాలకు మార్చేశారు. సెర్రోసేఫ్ అనే, తక్కువ వేడికే కరిగే లోహంతో ఛాంబర్ అచ్చు తీయించి కొలిపిస్తే నిజం తేలుతుంది.

కాల్చే విషయంలో మాత్రం మొండిగా ఉండు. అమెరికా సైన్యం వాడిన 1873 స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ రైఫిల్ కోసం పుట్టిన .45-70 తూటా ఇప్పటికీ అమ్ముతున్నారు. 70 అంటే 70 గ్రెయిన్ల (చిన్న తూకపు కొలత) బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్ల మందు అని. కానీ ఇదే పేరుతో వచ్చే ఇవాళ్టి అధిక ఒత్తిడి తూటాలు రూగర్ నంబర్ 1 లాంటి కొత్త తుపాకుల కోసం చేసినవి. వాటిని ట్రాప్‌డోర్‌లో పెడితే మొహం మీదే పేలొచ్చు. మామూలువీ, అధిక ఒత్తిడివీ రెండూ ఛాంబర్‌లో చక్కగా పడతాయి, ప్రమాదమంతా అక్కడే ఉంది. పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్ చూసి సరేననేదాకా కాల్చొద్దు. బ్లాక్ పౌడర్ కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయి.

చట్టం సంగతి కొనకముందే తేల్చుకో. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898లోగానీ, అంతకు ముందుగానీ తయారైనవి యాంటిక్ కిందకి వస్తాయి. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉండొచ్చు. మోడల్ పేరులోని సంవత్సరం తయారైన సంవత్సరం కాదని గుర్తుంచుకో. మోడల్ 1885 తయారీ 1920 దాకా సాగింది. వయోమింగ్‌లోని కోడీ మ్యూజియంలో పాత వించెస్టర్ రికార్డులున్నాయి. సీరియల్ నంబర్ పంపితే, ఆ తుపాకీ రికార్డు మిగిలి ఉన్నప్పుడు వివరాలు ఉత్తరంగా ఇస్తారు.

తోలు సంచిలో దాచొద్దు, చెమ్మ పట్టి తుప్పు పడుతుంది. నూనె ఎక్కువ రాసి నిలబెడితే అది కిందకి దిగి, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మెడ దగ్గర చెక్కను మెత్తబరుస్తుంది. కొద్దిగా రాసి, మూతి కిందకి పెట్టి ఉంచు.

నువ్వడిగినదానికి నా జవాబు: మొదటగా సైన్యం వాడిన రోలింగ్ బ్లాక్ ఒకటి కొను. పది లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి తొందరపడక్కర్లేదు, పోల్చి చూసుకోవడానికి చాలా దొరుకుతాయి. షార్ప్స్ జోలికి ఇప్పుడే వెళ్లకు, కళ్లు అలవాటు పడనీ. ఏదైనా నచ్చితే డబ్బు ఇచ్చేముందు సీరియల్ నంబరు, స్క్రూల తలలు, చెక్కా లోహం కలిసే చోటు, బ్యారెల్ మూతి, ఈ నాలుగింటి ఫోటోలు దగ్గరగా తీసి నాకు పంపు.

ప్రేమతో,
పెదనాన్న