రెండు వారాలాగి మళ్లీ స్కాన్‌కు రమ్మన్నారు, అప్పటిదాకా ఎలా ఉండాలి?

ప్రశ్న: నా వయసు 28. పెళ్లయిన మూడేళ్లకు నెల తప్పాను. పీసీఓడీ ఉంది, నెలసరి 35 నుంచి 40 రోజులకు వస్తుంది. 40వ రోజున ఇంట్లో టెస్టు చేసుకుంటే రెండో గీత లేతగా వచ్చింది. తేదీల లెక్కన ఏడు వారాలు నిండాయని స్కాన్‌కు వెళ్తే, 12 మిల్లీమీటర్ల సంచి (పిండం పెరిగే తిత్తి), అందులో యోక్ శాక్ (పిండానికి తొలి రోజుల్లో పోషణనిచ్చే చిన్న బుడగ) కనిపించాయి గానీ పిండం, గుండె చప్పుడు కనిపించలేదన్నారు. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. నేను స్కూటీ మీద బడికి వెళ్లడం వల్లే ఇలా అయిందని అత్తగారు అంటున్నారు. మా వారు ‘ఏం కాదులే’ అని మాట దాటేస్తున్నారు. అర్ధరాత్రి లేచి ఫోన్‌లో రిపోర్టు ఫోటో పెద్దది చేసి చూసుకుంటున్నాను. ఈలోగా వేరే సెంటర్‌లో ఇంకో స్కాన్ తీయించుకోవాలా? మా అమ్మకు ఇంకా చెప్పలేదు, చెప్పనా?
- ఒక సోదరి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మూడేళ్లుగా ఎదురుచూసిన విశేషం తెలిసిన కొద్ది రోజులకే ఇలాంటి మాట వినాల్సి రావడం ఎంత కష్టమో నాకు అర్థమవుతోంది. సంతోషపడాలో, దుఃఖపడాలో తెలియని స్థితి కొందరికి చెడ్డ వార్త కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. అందుకే ముందు మీ రిపోర్టులో ఏముందో, ఏం లేదో విడదీసి చూద్దాం.

గర్భం వయసును ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. 28 రోజులకు ఒకసారి నెలసరి వచ్చేవారికి సుమారు 14వ రోజున అండం విడుదలవుతుందన్నది ఆ లెక్కకు ఆధారం. మీకు 38 రోజులకు వస్తుందనుకుంటే అండం విడుదలయ్యేది 24వ రోజు ప్రాంతంలో, అంటే పది రోజులు ఆలస్యంగా. అప్పుడు మీ ఏడు వారాలు నిజానికి అయిదున్నర వారాలకు దగ్గరవుతాయి. ఆ వయసులో లోపలి స్కాన్‌లో (యోని ద్వారా చేసేది) సంచి, యోక్ శాక్ మాత్రమే కనిపించడం మామూలే. పిండమూ గుండె చప్పుడూ సాధారణంగా ఆరు వారాల ప్రాంతంలో బయటపడతాయి. 40వ రోజున కూడా గీత లేతగానే వచ్చిందన్న మీ మాట ఈ లెక్కకు సరిపోతోంది. ఇది ఆశ పెట్టుకోవడానికి ఒక ఆధారం, అంతకు మించి హామీ ఇవ్వలేను. ఎదుగుదల ఆగిపోయిన గర్భం కూడా ఒక్క స్కాన్‌లో ఇలాగే కనిపించవచ్చు. ఆ రెంటినీ వేరు చేయగలిగింది మధ్యలో గడిచే రోజులే.

మీ డాక్టరుగారు వెంటనే తేల్చి చెప్పకపోవడం మీకు దాటవేతలా అనిపించి ఉండవచ్చు. నా దృష్టిలో అది బాధ్యత తెలిసిన వైద్యం. ఒకప్పుడు ఇంతకంటే చిన్న కొలతల దగ్గరే గర్భం పోయిందని నిర్ధారించేవారు. బతికి ఉన్న గర్భాన్ని కూడా పోయినట్లు పొరబడే ప్రమాదముందని తేలాక 2011లో బ్రిటన్‌లోనూ, ఆ తర్వాత అమెరికాలోనూ ఆ హద్దులను పెంచారు. ఇప్పుడు సంచి 25 మిల్లీమీటర్లకు చేరినా పిండం కనిపించకపోతేనో, పిండం పొడవు 7 మిల్లీమీటర్లు ఉన్నా గుండె చప్పుడు లేకపోతేనో మాత్రమే ఒక్క స్కాన్‌తో నిర్ధారణకు వస్తారు. మీ 12 మిల్లీమీటర్లు ఆ హద్దుకు చాలా ఇవతల ఉన్నాయి. యోక్ శాక్ కనిపించిన తర్వాత కనీసం పదకొండు రోజులు గడిస్తే గానీ గుండె చప్పుడు లేదన్న మాటకు విలువ ఉండదు కాబట్టి మీకు రెండు వారాల గడువిచ్చారు.

ఈ కారణంగానే మూడో రోజునో నాలుగో రోజునో వేరే సెంటర్‌కు వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. అక్కడ ఇంకొకరు ఇంకో మిషన్ మీద కొలిచినప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావడం సహజం. ఆ తేడాను పట్టుకుని మీరు ఇంకో వారం నలిగిపోతారు. గర్భం హార్మోన్‌ను కొలిచే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష రోజు విడిచి రోజు చేయించుకోవడం వల్ల కూడా ఈ దశలో పెద్దగా తెలిసేదేమీ ఉండదు. యోక్ శాక్ గర్భాశయంలోనే కనిపించింది కాబట్టి ట్యూబులో గర్భమేమోనన్న భయం కూడా మీకు దాదాపు తీరినట్లే. అయినా గంటకు రెండు ప్యాడ్‌ల చొప్పున రెండు గంటలు తడిసేంత రక్తస్రావమైనా, పొత్తికడుపులో తట్టుకోలేని నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, జ్వరం వంటివి వచ్చినా అర్ధరాత్రయినా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే రక్తస్రావం కనిపించగానే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాలి. రాసిచ్చిన ఫోలిక్ యాసిడ్, ఇతర మందులు ఎవరి మాటా విని మానవద్దు, కొత్తవి చేర్చుకోవద్దు.

ఇక స్కూటీ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే, ఎందుకంటే మీరు ఆ మాటను సగం నమ్మినట్లు కనిపిస్తోంది. స్కూటీ నడపడం, మెట్లెక్కడం, బడిలో నిలబడి పాఠం చెప్పడం గర్భాన్ని పోగొట్టవు. తొలి మూడు నెలల్లో కడుపు నిలవని సందర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల తేడా. అది చాలావరకు అండమూ శుక్రకణమూ కలిసే వేళకే ఏర్పడి ఉంటుంది, ఆ తర్వాత తల్లి ఏం తిన్నా, ఎక్కడికి వెళ్లినా మారదు. మంచం దిగకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందన్నదీ రుజువు కాలేదు. అత్తగారు కూడా భయంతోనే అలా అంటూ ఉండవచ్చు. కానీ ఆ భయం మొత్తం మీ నెత్తిన పడుతోంది. ఆమెతో వాదించే పని మీది కాదు, మీ వారిది. వీలైతే అత్తగారిని రెండో స్కాన్‌కు ముందే ఒకసారి డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లి, ఆమె ఎదుటే ఈ ప్రశ్న అడగండి. లేదంటే మీ వారు, ‘అమ్మా, స్కూటీకీ దీనికీ సంబంధం లేదట, ఈ రెండు వారాలు ఆ మాట తన దగ్గర ఎత్తకు’ అని నెమ్మదిగా చెప్పాలి.

మీ వారు ‘ఏం కాదులే’ అనడం వెనుక నిర్లక్ష్యమే ఉందని అనుకోవద్దు. ఇలాంటప్పుడు భార్య ముందు బెంగపడకూడదని నోరు కట్టేసుకునే మగవాళ్లను నేను చాలామందిని చూశాను. ‘నన్ను ఓదార్చకండి, నాకెంత భయంగా ఉందో రాత్రి భోజనాలయ్యాక ఒక పావుగంట వినండి చాలు’ అని సూటిగా అడగండి. ఆ పావుగంటలో ఆయన భయం కూడా బయటికి వస్తే రానివ్వండి. ఆ తర్వాత ఆ రిపోర్టు ఫోటోను ఆయన ఫోన్‌కు పంపి మీ ఫోన్‌లోంచి తీసేయండి. కాగితం ఫైలులో భద్రంగా ఉంటుంది. అర్ధరాత్రి ఇంటర్నెట్‌లో ఇతరుల కొలతలతో పోల్చుకోవడం వల్లే మీ నిద్ర ఎక్కువగా చెడుతోందని నాకనిపిస్తోంది. మెలకువ వచ్చి గుండె దడగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఒంట్లో బాగుంటే, డాక్టరుగారు వద్దనకపోతే, బడికి వెళ్లడమే మేలు. పిల్లల మధ్య గడిపే ఆ గంటలు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం కంటే తేలిగ్గా సాగుతాయి.

రెండో స్కాన్‌కు ఒంటరిగా వెళ్లకండి. గుండె చప్పుడు కనిపిస్తే సంతోషమే, అప్పుడు కొలతను బట్టి మీ తేదీలను సరిచేస్తారు. కనిపించకపోతే దానంతట అది జరిగేదాకా వేచి ఉండటం, మాత్రలు, చిన్న ప్రొసీజరు అనే మూడు దారుల గురించి డాక్టరుగారు చెబుతారు. విపరీతమైన రక్తస్రావమో ఇన్‌ఫెక్షనో లేనంతవరకు ఆ గదిలోనే, ఆ నిమిషంలోనే తేల్చుకోవాల్సిన అవసరం ఉండదు. ఇంటికి వచ్చి, ఏడ్చి, ఆలోచించుకుని మర్నాడు చెప్పవచ్చు.

మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. శుభవార్త ఖాయమయ్యాకే చెప్పాలన్న ఆనవాయితీ చుట్టాల విషయంలో మంచిదే, మిగతావారికి మూడో నెల నిండాక చెప్పుకోవచ్చు. కానీ ఒకవేళ ఈ గర్భం నిలవకపోతే మీకు ముందుగా కావలసింది అమ్మే. అప్పుడు మొదటి నుంచీ కథంతా ఆమెకు చెప్పే ఓపిక మీకు ఉండదు. ఇవాళే ఫోన్ చేసి, నెల తప్పిన సంగతీ స్కాన్ సంగతీ రెండూ చెప్పి, స్కాన్ ముందు రోజుకు వచ్చి నాలుగు రోజులు మీ దగ్గర ఉండమని అడగండి.